మూడో షిఫ్టు

కాశిబుగ్గల పాత శ్రీవాణి టాకీసు గోడకు
పోస్టరు అంటించిన మైదా ఇంకా ఆరలేదు:
ఒక్క రాత్రి, ఐదు దయ్యాల సినిమాలు,
టికెట్టు నూట యాభై, చాయ్ ఉచితం,
గుండె జబ్బున్నోళ్లకు ప్రవేశం లేదు.

ఆ చివరి లైను చూసే వస్తనన్నడు ఓదెలు మామ.
"నా గుండెకేమైందిరా, పదిలంగున్నది,
పోయినయి చెవులే."
నిజమే. ఆజంజాహి మిల్లుల
సాంచాల నడుమ నిలబడి నిలబడి
చెవులు అక్కడనే ఇడిసి వచ్చిన మనిషి.
కుక్కర్ విజిల్ వినపడదు,
గేటు ముందు నేను హారన్ కొడితే
కోడలొచ్చి భుజం తట్టాలె.

బాల్కనీ, ముందు వరుస.
స్ప్రింగు లేచిన సీటు మీద తువ్వాల మడతేసి కూసున్నడు.
మా వెనక డాక్టరు చదువు పిల్లలు,
పొద్దంత శవాలను కోసి వచ్చినోళ్లు,
తెర మీద అల్మారా తలుపు కిర్రుమనంగనే
ఒకరి చున్నీల ఒకరు దూరిన్రు.

మామకు కిర్రు లేదు, కేక లేదు.
వయొలిన్లు నరాల మీద నడిచే కాడ
ఆయనకు ఒక పిల్ల మెట్లు దిగుతాంది, అంతే.
"లైటేసుకోరాదు బిడ్డా, పడ్తవు" అన్నడు
చెవుడున్నోళ్ల పెద్ద గొంతుతోని.
హాలు హాలంత నవ్వింది.
ఆ దయ్యం మల్ల ఎవ్వర్నీ భయపెట్టలేకపోయింది.

రెండోది కొరియాదో జపానుదో.
కింద ఇంగ్లీషు అక్షరాలు. మామకు నేను చెప్పాలె,
చెప్పుడంటే అరుసుడే.
"వాడు ఆమె మొగడు కాదు మామా!
మొగడు ఫ్రిజ్జుల ఉన్నడు!"
నేల క్లాసు నుంచి ఎవడో
"కథ చెప్పకురా భై" అని చెప్పు ఇసిరిండు.

ఇంటర్వెల్లుల బజ్జీలు, ఉల్లిగడ్డ ముక్కలు.
మిషను గది దిగొచ్చిన సోమలింగం
"రీళ్లు లేవిప్పుడు, మీట నొక్కితే అదే ఆడుతది,
నేనున్నా లేకున్నా ఒకటే" అని
మా చాయ్‌ల సగం పంచుకున్నడు.

మూడోది రెండు దాటినంక మొదలైంది.
నలుపు తెలుపు. పొగమంచు, ఒక ఊరు,
ఊరి చివర పొగగొట్టం.
మనుషులు లేరు. దయ్యం గూడ లేదు.
నాకు కన్ను మలిగింది.
అప్పుడు ఆ మంచు లోపల ఎక్కడనో
సైరన్ మోగింది,
కింది నుంచి మెల్లగ లేసి
పైకి, ఇంకా పైకి.

మామ లేసి నిలబడ్డడు.
వంగి సీటు కింద తడుముతాండు,
టిఫిను డబ్బా కోసం.
ఇటు లేదు. అటు లేదు.
"ఆలస్యమైతాంది, గేటు మూస్తరు" అన్నడు,
ఈసారి మెల్లగ,
నేనెన్నడు వినని చిన్న గొంతుతోని.

వెనక పిల్లలు నవ్వబోయి ఆగిన్రు.
మోచెయ్యి పట్టుకున్న. తడిసి చల్లగున్నది.
తెర వెలుతురు జుట్టు మీద పడి
దూది పింజలు అంటుకున్నట్టే ఉన్నడు.

మిగిలిన రెండూ చూసినం.
ఏం చూసినమో నాకు యాదికి లేదు.

ఐదున్నరకు బయట పాల వ్యాన్లు.
మిల్లు జాగ మీదికెళ్లి పోతే దగ్గర,
ఇప్పుడక్కడ ప్లాట్లు, వెడల్పు రోడ్లు.
నేను బండిని చుట్టు తిప్పి తీస్కపోయిన.
ఆయన అడగలేదు.

ఇంటి ముందు దిగి
తువ్వాల దులిపి భుజాన వేసుకొని
"మూడోది" అన్నడు,
"మల్ల ఎప్పుడేస్తరో కనుక్కో."