లోపలివైపు నుంచి

కెమిలో జనవరి.
మధ్యాహ్నం రెండున్నరకే దీపాలు వెలిగించుకునే ఊరు.
గ్యారేజీలో హీటరు పక్కన సిర్కు
మూరెడు పొడుగు బొమ్మకారు తొడుగుని
గిన్నెలు తోమే సబ్బుతో రుద్దుతోంది,
వేలిముద్రలమీద పాత పగేదో ఉన్నట్టు.

గాజులా ఉంటుంది గాని ప్లాస్టిక్కు.
దీనికి రంగు పైన వెయ్యరు,
వేస్తే మొదటి మలుపులోనే కంకర నాకేస్తుంది.
కడుపులో వెయ్యాలి.

అందుకే పనంతా తలకిందులు.
అందరికంటే ముందు కనపడాల్సింది
అన్నిటికంటే ముందు వెయ్యాలి.
మంట అంచున వెంట్రుకంత నల్లగీత,
దాని వెనక ఎరుపు, ఆ వెనక నారింజ, పసుపు,
ఆఖర్న అన్నిటికీ వీపు ఆన్చుకోను తెల్లగోడ.
తప్పు జరిగితే పైపైన దిద్దడానికి
పై అంటూ లేదు.

పదకొండేళ్ళ యూసో పేరు
కుడినించి ఎడమకి కోస్తోంది కత్తిమొనతో.
రెండు యూలూ, ఓ, ఎటు తిప్పినా అవే.
జే దగ్గర, ఎస్ దగ్గర ఊపిరి బిగబడుతుంది.
పోయినేడు ఎవరిదో ఎస్ తిరగబడింది.
ఆ తొడుగులో ఇప్పుడు మేకులు పోసుకుంటోంది.

చూపుడువేలు కింద చిన్న మీట.
నొక్కితే గాలి. వెనక్కి లాగితే రంగు.
పేపరు మిల్లులో ఇరవై రెండేళ్ళు
పెద్ద పెద్ద మీటలు లాగిన వేలు
ఈ బియ్యపుగింజంత కదలిక నేర్చుకోడానికి
రెండు చలికాలాలు పట్టింది.

తైస్తో వచ్చాడు, సంచి నిండా ముక్కలతో.
హెలికాప్టరు ముందు డొప్ప, ఫైబరుది,
పగిలిన గుడ్డుపెంకులా బల్లమీద పరిచాడు.
కొత్తది ఇంకో సంచిలో ఉంది.
"పులులొద్దు, పుర్రెలొద్దు" అన్నాడు.
"చెట్లు దాటాక అది నాకేసి వస్తోందో
నన్నొదిలి పోతోందో తెలీడం లేదు.
పోతోందనుకుని ఎడమకి తోశాను.
నా కుడికి వెళ్ళి మంచులో దిగబడింది."
డెబ్భై ఆరేళ్ళు. కళ్ళసంగతి అంతకుమించి చెప్పలేదు.

మర్నాడు గడ్డకట్టిన సముద్రంమీద
సిర్కు అట్టముక్కలు చంకన పెట్టుకుని నడిచింది.
వంద అడుగులకోసారి ఆగి
ఒక్కో రంగూ ఎత్తి చూపింది.
ఒడ్డున తైస్తో, ఫోను చెవికి ఆన్చి:
"నీలం పోయింది.
ఎరుపు... నలుపైంది.
ఆకుపచ్చ ఎప్పుడో పోయింది, చెప్పడం మర్చిపోయా."
ఇంకా నడిచింది.
"సిర్కూ, నువ్వూ పోయావు.
నిమ్మపండు పసుపొక్కటే నుంచుంది."

ఎడమ చెంప పసుపు. కుడి చెంప నలుపు.
ముక్కుమీద అరచేతి వెడల్పు తెలుపు.
"సగం కందిరీగలా ఉంది" అని
ఆమే పెదవి విరిచింది.
అయినా ఉంగరపువేలికి అంటిన పసుపు
వారందాకా గోకలేదు.

యూసో శనివారం వచ్చాడు వాళ్ళమ్మతో.
తొడుగుమీది పల్చటి పొర వాడే లాగాలి,
ఆ పని సిర్కు ఎవరికీ చేసిపెట్టదు.
చర్రుమంది. కింద మంటలు
అప్పుడే నీళ్ళలోంచి లేచినట్టు తళతళ.
వాడు తిప్పి లోపలికి చూశాడు.
"ఇక్కడేం లేదే, ఒట్టి తెలుపు!"
"నేనున్నది అటువైపే" అంది సిర్కు
చేతులు తుడుచుకుంటూ.

మార్చిలో ఒక సాయంత్రం
ఫోనులో తైస్తో, వెనకాల గాలి, రెక్కల రొద:
"వస్తోంది" అన్నాడు.
పెట్టేశాడు.