ఉంగరానికి చుట్టిన దారం

లక్క కరిగించడం నా పని.
గరిటెలో అది ఎర్రగా పొంగే వేళకి
కాగితం మీద సిరా ఆరిపోయి ఉండాలి.
మంత్రుల నోటి తడి మాత్రం ఎప్పటికీ ఆరేది కాదు.

స్కార్వా దీవులకి ఎస్ట్రిడ్ రాణి అయ్యేనాటికి
పంతొమ్మిదేళ్లు నిండలేదు.
తండ్రి కుర్చీలో కూర్చుంటే
పాదాలు నేలకి జానెడు ఎత్తున ఆగిపోయేవి.
పీట వేయించమన్నాడు ప్రధాని గుడ్మండ్ క్రాబ్బె,
పసిపిల్లకి ఉగ్గు పట్టే గొంతుతో.
"వద్దు, చలికాలంలోగా పెరుగుతాను" అంది.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, గరిటె తొణికింది.

రాజముద్ర ఉంగరం ఆవిడ వేలికి మరీ వదులు.
నేనే నల్లదారం తెచ్చి చుట్టాను, పదకొండు చుట్లు.
కొస పళ్లతో కొరికి ముడేస్తుంటే అడిగింది:
"ఉప్పు మణుగెంత, మెరెట్?"
చెప్పాను.
"హెర్రింగ్ పీపా ఒక్కదానికి ఎంత పడుతుంది?"
అదీ చెప్పాను. మా అన్న పడవ సంగతీ
దాని మీదున్న అప్పు సంగతీ
నోరు ఊరుకోక చెప్పేశాను.

మర్నాడే వచ్చింది ఉప్పు పన్ను కాగితం,
మూడు మూరల పొడవున.
క్రాబ్బె చదువుతున్నంతసేపూ
రేవులో మంచుగడ్డలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చప్పుడు.
ఆవిడ దేనికీ ఎదురు చెప్పలేదు.
లక్క పోశాను. చెయ్యి ఆనించింది.
ఎత్తి చూస్తే
రాజవంశపు హంస కాళ్లు పైకి, మెడ కిందికి,
సంతలో అమ్మకానికి వేలాడదీసిన కోడిలా.

"ఉంగరం తిరిగిపోయింది" అంది,
"ఇంకా చిన్నదాన్ని కదా, మీరే అన్నారు."

తలకిందుల ముద్ర చెల్లుతుందా?
న్యాయాధికారులు దుమ్ముపట్టిన పుస్తకాలు దించారు.
బిషప్ ఒకటన్నాడు, నౌకాధిపతి ఇంకొకటన్నాడు.
ఒకరి గడ్డం ఒకరు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.
పదిహేడు రోజులు.
ఆ పదిహేడు రోజుల్లో చేపలొచ్చాయి,
సముద్రం మీద వెండి ఒలికినట్టు.
ఉప్పు పాత ధరకే పీపాల్లోకి దిగింది.
మా అన్న అప్పు సగం తీరింది.

ఆవిడ గదిలో పొయ్యి బూడిద ఎత్తుతుంటే దొరికింది
కాలీ కాలని నల్లదారం కొస,
నా పంటిగాటుతో.
ఎవరికీ చెప్పలేదు. ఆవిడకీ చెప్పలేదు.

ఇక్కడితో ఆపితే బాగుండేది.

ఆకులు రాలే నెలలో ఇంకో కాగితం,
అరచేతిలో పట్టేంత చిన్నది.
యోరన్ మాస్టారు రేవు దాటి పోవాలని,
మళ్లీ ఈ ఒడ్డు తొక్కరాదని.
ఆవిడకి అక్షరాలూ నక్షత్రాలూ చూపించినాయన.
సభలో క్రాబ్బె మనుషులు తొమ్మిదిమంది,
పన్ను వదులుకోవడానికి వాళ్లడిగిన వెల ఆయన.
ఆ రాత్రి పైగదిలో దీపం ఆరలేదు.
తెల్లవారి నన్ను పిలిచి వేలు చాపింది:
"దారం చుట్టు, మెరెట్. గట్టిగా."
ఈసారి పద్నాలుగు చుట్లు పట్టింది.

లక్కలో హంస నిటారుగా నిలబడింది,
ఒక్క ఈక చెదరలేదు.
మంత్రులు లేచి వంగారు,
వంగడం అంటే ఏమిటో ఆ రోజే చూశాను.
వాళ్లతో పాటు వంగినప్పుడు కనబడ్డాయి
బల్ల కింద ఆవిడ పాదాలు,
ఇంకా నేలకి జానెడు ఎత్తునే,
ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని.