బరువెంత?

కాన్వెంట్ జంక్షన్ వంతెన కింద
తెల్లారగట్ట మూడున్నరకి
అసిరమ్మ కంప్రెసర్ ఒక్కటే లేచి ఉంటుంది,
దగ్గుతూ.

ఎవరొచ్చినా గాలెంత కొట్టాలని అడగదు.
"లోడేటి బాబూ?" అంటుంది
నాజిల్‌ని కొంగుతో తుడుచుకుంటూ.

కొత్తలో నేను
టైరు పక్కన అచ్చుపోసిన అంకె చూపించాను,
తెలిసినోడిలాగ.
"అది ఇంతకి మించొద్దని రాసింది.
ఇంతా కొట్టమని కాదు.
కుండకి అంచు పెట్టినోడు
అంచు దాకా తాగమన్నాడేటి?"

డోరు తెరిపించింది.
తలుపు మూల సగం చిరిగిన స్టిక్కరు,
దాని మీద పోర్టు దుమ్ము, ఎర్రగా.
గోటితో గీకింది.
అక్షరాలు రావు ఆవిడకి, అంకెలొచ్చు.
ముందు ముప్పై అయిదు.
వెనక, ఖాళీ అయితే నలభై.
నిండితే అరవై.

నా లోడు చేపలు, మంచు.
హార్బరులో ఎక్కినంత
పాడేరులో దిగదు.
చోడవరం దాకా ఒకటే ధార,
ఘాటు రోడ్డు మలుపు మలుపుకీ తడి గీత.
దార్లో కరిగిపోయే బరువుకి
ఏ అంకె పెట్టుకోవాలి?
అడిగితే, నన్ను ఎగాదిగా చూసి
"బయల్దేరినప్పటి బరువుకే కొట్టించుకో.
కరగడం నీ సేతిలో ఉందేటి?" అంది.

ఓ రోజు అబద్ధమాడాను.
బిల్లులో ముప్పై పెట్టెలు,
బండి మీద నలభై రెండు.
ఓనరు తాతాజీ రాసిచ్చిన చీటీ
నా జేబులోంచి మాట్లాడింది: "ముప్పై."

అసిరమ్మ గొంతుక్కూర్చుంది.
టైరు నేలని తాకే చోట
అరచెయ్యి ఆనించింది,
కడుపుతో ఉన్న మనిషిని చూసినట్టు.
"నీ నోరో మాటంతంది. దీని పొట్టో మాటంతంది."
పైపు చుట్టేసి కొక్కేనికి తగిలించింది.
"దింపీసి రా. అప్పుడు కొడతాను."

పన్నెండు పెట్టెలు దింపాను.
ఆ రోజు కూలి పోయింది.
టైరు పోలేదు.

ఇంకోసారి మిట్టమధ్యాన్నం
పెందుర్తిలో నా గేజీ పెట్టి చూశాను.
అరవై ఎనిమిది!
గుండె ఝల్లుమంది. వాల్వు మీద వేలు పెట్టానో లేదో
ఆవిడ మాట గుర్తొచ్చింది:
"ఎండలో పరిగెత్తినోడి నాడి పట్టుకుని
జొరమొచ్చిందనకు."
చెయ్యి తీసేశాను.
టీ తాగాను, బయల్దేరాను.

తిరుగు ప్రయాణమే నాకు బాధ.
వెనక ఉత్త థర్మోకోల్ పెట్టెలు,
గాలి మాత్రం అరవై.
చిన్న గుంటకే బండి ఎగిరిపడుతుంది.
బ్రేకు వేస్తే చక్రం రోడ్డుని పట్టుకోదు,
రాసుకుంటూ పోతుంది.
టైరు నడుమే అరిగిపోతోంది, అంచులు కొత్తగానే ఉన్నాయి.

ఇంటికొచ్చాక నా సంగతీ అంతే.
జ్ఞానాపురంలో మూడో మెట్టు మీద
మా గుంట ఊరికే భుజం మీద చెయ్యేస్తే
ఉలిక్కిపడి కసిరాను.
దించేసిన బరువు కోసం
ఇంకా బిగుసుకునే ఉన్నాను.

మర్నాడు అసిరమ్మనడిగాను,
ఖాళీగా వచ్చేటప్పుడు తీసెయ్యొచ్చా అని.
"టైర్లు సల్లబడ్డాక తీసీ.
మల్లీ రేపు నాకు డబ్బులిచ్చీ."
నవ్వితే పైపన్ను ఒకటి లేదు.

అందుకని ఇప్పుడు పాడేరు సంతలో
పెట్టెలన్నీ దిగి, బేరాలు సాగి,
టైరు మీద చెయ్యేస్తే చురుక్కుమననప్పుడు
వెనక చక్రం దగ్గర కూర్చుంటాను.
వాల్వు నొక్కితే, సుయ్‌మని,
విశాఖ హార్బరు గాలి
కొండ మీద కొంచెం కొంచెంగా దిగుతుంది.

మొన్న అల్లం అమ్ముకునే కుర్రాడొకడు
వంగి ముక్కు దగ్గర పెట్టాడు.
"సముద్రం ఇలాగుంటాదా?"
"రబ్బరు వాసన్రా" అన్నాను.
వాడు నమ్మలేదు.
ఇంకోసారి నొక్కమన్నాడు.

గేజీ చూశాను. నలభై మూడు.
నొక్కాను.