గుర్తింపు పరిమితికి దిగువన

నగరి వైపు దీన్ని కుశస్థలి అంటాం.
ఎన్నూరు చేరేసరికి కొసస్థలై.
కొసా తలా రెండూ పేరులోనే పెట్టుకుని
ఎటు నుంచి వచ్చిందో, ఎటు పోతోందో తేలని నీళ్ళు.
నా సంగతీ అంతే అనుకోండి:
పుత్తూరులో పుట్టుక, గిండీలో జీతం,
మోకాళ్ళ దాకా ఈ బురదలో ఉద్యోగం.

పైనుంచి ఏం కలుస్తుందో ఎవరైనా చెబుతారు.
గొట్టం కనిపిస్తుంది, నురగ కనిపిస్తుంది,
ముక్కే సాక్షి.
మేం వెతికేది గొట్టం లేనిదాన్ని.
ఎప్పుడో ఎవరో గోడ వెనక గోతిలో
వొంపేసి మరిచిపోయింది
నేల లోపల్లోపలే చీమనడక నడిచి
ఏ రాత్రో అడుగు నుంచి ఏట్లోకి ఊరుతుంది.
తలుపు తట్టదు.

అందుకని
ఇనప పీపాను అడ్డంగా కోసి
ఏటి అడుగున బోర్లిస్తాం.
దాని బొడ్డుకి సెలైన్ సంచిలాంటి సంచి.
పాటు తీసే వేళ, సముద్రం వెనక్కి తగ్గి
ఏటి గుండె మీద బరువు తేలికైనప్పుడు
సంచి మెల్లగా ఉబ్బుతుంది
నిద్రపోయే పసివాడి డొక్కలాగా.
గంటకి నూట నలభై మిల్లీలీటర్లు.
నేల చెప్పిన మాట అంతే.

రాడాన్ ఇంకో సాక్షి.
రాతి కడుపున పుట్టే వాయువు.
రంగు లేదు, వాసన లేదు, ఆయుష్షు లేదు:
నాలుగు రోజులు తిరక్కుండానే సగమైపోతుంది.
ఏటినీళ్ళలో అది దండిగా దొరికిందంటే
ఇప్పుడే, ఇక్కడే, కిందినుంచి వచ్చిందని.
సీసా నిండా పట్టాలి, బుడగ మిగలకూడదు,
మూత బిగించి గిండీకి పరుగెత్తాలి.
తిరువొత్తియూరు ట్రాఫిక్కులో
సాక్షి నా ఒళ్ళోనే కరిగిపోతూ ఉంటాడు.

అన్నిట్లోకీ నాకిష్టమైంది ఓపికది.
పలక నిండా గుంటలు, గుంటల్లో స్వచ్ఛమైన నీళ్ళు,
పైన ఉల్లిపొరంత పొర.
బురదలో నిలువుగా గుచ్చి రెండు వారాలు వదిలేస్తాం.
తోడేసిన పాలల్లే
ఆ నీళ్ళు చుట్టుపక్కల నీళ్ళయిపోతాయి.
పదేళ్ళయినా నాకు పూర్తిగా పట్టుబడని తమిళ యాస
వాటికైతే పద్నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది.

కన్నియమ్మ ఇదంతా చూసి నవ్వలేదు.
నవ్వడానికి వీల్లేదు:
తాటాకు బుట్ట పళ్ళతో కరిచిపట్టుకుని
రెండు చేతులూ బురదలో పెట్టి రొయ్యలు తడుముతుంది.
మాట్లాడాలంటే బుట్ట దించాలి.
మూడో రోజు దించింది.
"అక్కడెందుకు పెట్టారు? ఇక్కడ కదా"
అంటూ కుడికాలితో చూపించింది.
మార్గళి తెల్లారుజామున ఏరంతా జివ్వుమంటుంటే
ఆ నాలుగడుగులే వెచ్చగా ఉంటుందట.
వేళ్ళ సందులు చిమచిమలాడతాయట.
రొయ్య అక్కడ పొంచి కూచోక ఆరేళ్ళయిందట.

లక్షన్నర పెట్టి కొన్న ఉష్ణమాపక తీగ
మర్నాడు సరిగ్గా అదే చోట
ఒకటిన్నర డిగ్రీ పైకి లేచింది.
అమలోర్ మేడమ్ తీగని తుడిచి, మళ్ళీ ముంచింది.
మళ్ళీ లేచింది.

నమూనాలు వెళ్ళాయి. కాగితం వచ్చింది.
పన్నెండు గడుల్లో తొమ్మిదింట ఒకటే మాట:
గుర్తింపు పరిమితికి దిగువన.
మిగతా మూడింట్లో అంకెలు.
చిన్నవే. కానీ అంకెలు.
"ఆ తొమ్మిదింట ఉన్నట్టా, లేనట్టా?"
బుట్ట చేతిలో పట్టుకునే అడిగింది.
లేదని కాదు అక్కా,
మా మిషను చూపు అక్కడిదాకా ఆనదని.
ఆమె తన కాలివేళ్ళకేసి చూసుకుంది.
మళ్ళీ బుట్ట కరిచింది.

నివేదికలో 'వాడిన పద్ధతులు' అని ఒక చోటుంటుంది.
పీపా, రాడాన్, పొర, తీగ
అని వరసగా రాసి
ఐదోది రాశాను: కన్నియమ్మ కుడికాలు.
మేడమ్ కొట్టేసింది.
పెన్సిలుతోనే, అంత గట్టిగా కాదు.
వెలుతురుకి పట్టి చూస్తే
చదవొచ్చు.