పంట రక్షణ

లైసెన్సు పుస్తకంలో మూడో గడిలో
ఇప్పటికీ అదే రాసుంది: పంట రక్షణ.
నాకు పంట లేదు.
గుణుపురం బస్టాండు వెనక గడియారాల కొట్టు,
మేడ మీద రెండు గుమ్మడి పాదులు.
మూడేళ్లకోసారి రెన్యూవలుకి రాయగడ వెళ్తే
గుమాస్తా కళ్లద్దాల పైనుంచి అడిగేవాడు,
"ఈసారి ఏం పంట బాబూ?"
"గుమ్మడి" అనేవాణ్ణి.
నవ్వకుండా ముద్ర వేసేవాడు.

తుపాకీ మా నాన్నది, పాయింటు టూటూ.
ఆయనకి నిజంగానే చెరుకు తోట ఉండేది,
అడివిపందులూ ఉండేవి.
దాంతో ఒక్క పందీ చావలేదు,
చప్పుడుకి పారిపోయి, రాత్రికి మళ్లీ వచ్చేవి.
తోట అమ్మేశాం.
తుపాకీ మాత్రం బీరువా పక్కన
పాత దుప్పటి కప్పుకుని నిలబడిపోయింది.

ఆదివారం పొద్దున్నే వంశధార దాటి
పాడుబడ్డ ఇటుకల బట్టీకి పోయేవాళ్లం,
నేనూ, చిన్నరైలు గార్డు దండాసి పాత్రో.
సంచిలో మూఢీ, పచ్చిమిరపకాయలు,
పదంటే పది తూటాలు.
ఏడాదికిచ్చేదే వంద.
ఒక్కోదాన్నీ నెలాఖరు రూపాయిలా
అటూ ఇటూ తిప్పి చూసుకునేవాళ్లం.

గురికి కాయితం కావాలి కదా,
అతను ఒడియా పేపరు తెచ్చేవాడు, నేను తెలుగుది.
పెద్ద హెడ్డింగుల్లో గుండ్రటి అక్షరం వెతికి
మైదాపిండి జిగురుతో గోడకి అంటించడం.
వాళ్ల 'ఠ' అచ్చంగా సున్నాయే,
మన సున్నా సరేసరి.
"మీ అక్షరాలకి ఆ గొడుగులెందుకయ్యా?" అంటే
"మీవాటికి పిలకలెందుకు?" అనేవాడు.
నలభై అంగల అవతల
ఏది ఎవరిదో తెలిసేది కాదు.
నేను కాల్చాక అతను కన్ను చికిలించి చూసి
"టికె తళకు" అనేవాడు. కొంచెం కిందకి.
ఎప్పుడూ కిందకే పోయేవి నావి.

గడియారాలు బాగుచేసేవాడి చెయ్యి వణకదనుకుంటారు.
వణుకుతుంది. అందరిదీ వణుకుతుంది.
సగం ఊపిరి వదిలి, సగం దాచి,
గుండె ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య
ఖాళీగా ఉండే చోటుకి
వేలు దానంతటదే వెళ్లాలి.
లాగుతున్నానని తెలిసిందా, తప్పినట్టే.
తర్వాత భుజం మీద చిన్న తోపు, నూనె వాసన,
ఏటి ఒడ్డున కొంగల గుంపు లేవడం.
పదిహేనేళ్లు చూశాయి మమ్మల్ని,
ఒక్క ఈకకీ హాని చెయ్యలేదు,
అయినా వాటికి నమ్మకం కుదరలేదు.

ఎలక్షన్లొస్తే తుపాకీ ఠాణాలో పెట్టాలి.
ఆసుపత్రిలో మనిషిని వదిలొచ్చినట్టు
రసీదు జేబులో పెట్టుకుని వెనక్కి చూసుకుంటూ రావడం.
ఒకసారి ఎలక్షన్లయిపోయినా ఇవ్వలేదు.
కొండల మీద ఏదో జరిగింది,
ఠాణా చుట్టూ ఇసుక మూటలు లేచాయి.
"ఇప్పుడు కాదు బాబూ" అన్నాడు హవల్దారు బెహరా.
ఆ ఇప్పుడు నాలుగేళ్లు సాగింది.
ఈలోగా చిన్నరైలు పట్టాలు పీకేశారు.
పెద్దవి వేసేలోపే పాత్రో రిటైరై
జట్నీలో కూతురింటికి వెళ్లిపోయాడు.
వెళ్లేముందు కొట్టుకొచ్చి, వాచీకి సెల్లు వేయించుకుని,
డబ్బులివ్వబోతే తిట్టాను.

తుపాకీ తిరిగొచ్చింది, చెక్క మీద
సుద్దతో ఎవరో రాసిన నలభై ఒకటి.
గొట్టం మూతికి మట్టి బిరడా:
కుమ్మరి పురుగు లోపల ఇల్లు కట్టుకుంది.
కడ్డీ తీసి, పొడవబోయి, ఆగాను.
సూరీడమ్మ గుమ్మంలోంచి చూసి
"ఇన్నాళ్లకి నీకో పంట దొరికింది,
కాయి కాపలా" అంది.
కాశాను. ఇరవై రోజులు.
ఒకనాడు బిరడాకి చిల్లు ఉంది,
గుండ్రంగా, సరిగ్గా మధ్యలో.
నేనెప్పుడూ అంత బాగా కొట్టలేదు.

ఇప్పుడు కుడికంట్లో శుక్లం.
మొన్న ఆవిడ సూది ఇచ్చి దారం ఎక్కించమంది.
వెలుతురుకి ఎత్తి పట్టుకుని,
సగం ఊపిరి దాచాను, అలవాటుగా.
తప్పింది.
మళ్లీ పెట్టాను.
టికె తళకు.