పఠనం నా వంతు

ఆదివారం వాక్యపఠనం నా వంతు.
మిగతా ఆరు రోజులూ
లింగరాజపురం మస్టరింగ్ పాయింట్ దగ్గర
హాజరు పట్టీ నా వంతు.
రెండు పనులకూ ఒకే కళ్లద్దాలు.
గొంతు కూడా ఒకటేననుకుంటా:
"దీవెనమ్మా, వేలు పెట్టు.
మళ్లీ పెట్టు. తుడుచుకుని పెట్టు."

మిషను ఆమెను గుర్తుపట్టదు.
ఇరవై రెండేళ్లు చీపురు పట్టి, బ్లీచింగు కలిపి
ఆమె బొటనవేలు
అరిగిన రూపాయి బిళ్లలా నున్నబడింది,
బొమ్మా లేదు, బొరుసూ లేదు.
మూడుసార్లు ఎర్ర దీపం వెలిగితే
గైర్హాజరు అని రాస్తాను.
రాయమన్నది ఎలీషా రాజు గారు, కాంట్రాక్టరు.
మా సంఘ పెద్ద.
గుడికి గ్రానైటు మెట్లు వేయించింది ఆయనే,
మొదటి మెట్టు మీద వాళ్ల నాన్న పేరు.

ఫిబ్రవరిలో కాక్స్ టౌన్ నిండా గులాబీ రంగు పూలు రాలతాయి.
కార్లు ఆపి ఫోటోలు తీసుకుంటారు జనం.
అయిదున్నరకే ఆమె వాటిని ఊడుస్తుంటుంది.
తడి పూలు తారుకి అతుక్కుంటాయి.
"ఎండాకులే నయం సారూ,
ఇవి అందంగా ఉండి చంపుతాయి."
ఆ ఫిబ్రవరి జీతం
ఏప్రిల్‌కి కూడా రాలేదు.

మధ్యలో, మార్చి ఉపవాస కూటంలో,
ఆమె ఇంటద్దె కోసం ప్రార్థన చేశాం.
నడిపించింది ఎలీషా రాజు గారే.
కన్నీళ్లు వచ్చాయి ఆయనకి, నిజంగానే వచ్చాయి.
"దేవుడు చూసుకుంటాడమ్మా" అని పంపేశాం.
దేవుడు చూస్తున్న సంగతి
అప్పుడు మాకెవ్వరికీ గుర్తులేదు.

ఆ ఆదివారం పట్టికలో ఉన్న భాగం తీశాను.
చేను కోసినవాళ్ల కూలి బిగబట్టిన
డబ్బున్నోళ్ల గురించి.
ఇయ్యని కూలికి నోరుంటుందట,
అది అరుస్తుందట.
ఎన్నిసార్లు చదివానో.
నోరుంటే, దాన్ని మూసిన చెయ్యి కూడా
ఒకటి ఉండాలని తోచలేదు.
మైకు పట్టుకున్న నా వేళ్ల మీద
శనివారం నాటి ఎర్ర సిరా.

నాలుగో వరసలో దీవెనమ్మ, తలమీద కొంగు.
మొదటి వరసలో ఆయన, కళ్లు మూసుకుని.
వచనం మధ్యలో ఆగిపోయాను.
ఫ్యాన్ల చప్పుడు. ఎవరో దగ్గారు.
పాస్టరమ్మ నీళ్ల గ్లాసు పంపింది,
గొంతు పట్టేసిందనుకుని.
పట్టేసిన మాట నిజమే.

సోమవారం హాజరు పుస్తకాలు చంకలో పెట్టుకుని
జిరాక్స్ షాపుకెళ్లాను.
నలభై ఎనిమిది పేజీలు, పేజీకి రెండు రూపాయలు.
తొంభై ఆరు.
ఇన్నేళ్లూ కవర్లో పెట్టిచ్చిన దశమభాగాల్లో
ఒక్కటీ ఇంత బరువు లేదు.
ధైర్యం అనుకోకండి. కాళ్లు వణికాయి.
ఉద్యోగం పోతుందనుకున్నాను,
బుధవారానికల్లా పోయింది.

లేబర్ ఆఫీసు బెంచీ మీద ఇద్దరం.
టోకెను ముప్పై ఏడు.
"నిన్న మధ్యలో ఆపేశారేం సారూ?
తర్వాతేముంది?"
పుస్తకం తెచ్చుకోలేదన్నాను.
"నాకు చదువు రాదు గానీ అది నోటికొచ్చు.
ఆ అరుపు పైకి వినబడిందని ఉంటాది.
పైనాయన విన్నాడు, సరే.
కింద చెవులున్నోళ్ల కోసమే గదా
గట్టిగా చదవమనేది."

అరిగిన వేలితో టోకెను తడుముతూ కూర్చుంది.
లోపలి నుంచి ఎవరో కన్నడలో పిలిచారు:
మూవత్తేళు.

ఆమె లేచింది.
నేనూ లేచాను,
వాక్యం చదివేటప్పుడు
సంఘమంతా లేచినట్టు.