ఇతర ఖర్చులు

చీటీ పాడిన రాత్రే
పంటు టిక్కెట్ల పాత పుస్తకం తిరగేసి
ఖాళీ వైపున యూరప్ రాయడం మొదలుపెట్టాడు రత్నం.
మే ఇరవై రెండుకి మా పెళ్ళికి పాతికేళ్ళు.
రోళ్ళు పగిలే ఎండలో, తెల్లచీరలో,
చెమటకి నుదుటికంటుకున్న ముసుగుతో
సఖినేటిపల్లి రేవు దాటి నర్సాపురం వచ్చాను నేను.
ఆ ముసుగు అంచు లేసు నేనే అల్లుకున్నాను.
"ఈసారి చల్లటి చోట చేసుకుందాం" అన్నాడు.

మొదట పద్నాలుగు రోజులు, నాలుగు దేశాలు.
విమానం ధర చూశాక
రెండు దేశాలు గోదాట్లో కలిశాయి.
వీసా ఫీజు, ఇన్సూరెన్సు,
హైదరాబాదుకి రానూపోనూ స్లీపరు క్లాసు,
ఇంకో మూడు రోజులు పోయాయి.
వేసవి అక్కడ సీజనట.
ఒకే సూర్యుడు, అక్కడ అద్దె ఎక్కువ.

హోటలు కాదు, హాస్టలు.
గదికి ఎనిమిది మంచాలు, ఒకదానిమీద ఒకటి.
"పాతికేళ్ళ పెళ్ళిరోజున
పైన నువ్వు, కింద నేనా?" అన్నాను.
"మోకాళ్ళు ఎవరివి గట్టివైతే వాళ్ళు పైన" అని
నిజంగానే రాసుకున్నాడు.

తిండి ఖాతాలో
బుల్లి రైస్ కుక్కరు, బియ్యం నాలుగు కిలోలు,
ఆవకాయ. సీసాలో కాదు,
మూడు కవర్లలో కట్టి, పైన నా పాత లంగా చుట్టి.
ఎండు రొయ్యల పొడి పక్కన అతని ప్రశ్నార్థకం.
దాని పక్కన నా చేతిరాత: వాసన.

వెనిస్‌లో పడవ దగ్గర ఆగిపోయాడు.
అరగంటకి తొంభై యూరోలు.
రూపాయల్లోకి మూడుసార్లు గుణించాడు.
రోజంతా వశిష్ట మీద అటూ ఇటూ తిరిగి
ఏ ఊరూ చేరకుండా ఇంటికొచ్చే మనిషి,
చంకలో మేకపిల్లకి టిక్కెట్టు కొట్టని మనిషి,
చాలాసేపు నవ్వాడు.
తర్వాత నవ్వలేదు.
"తెడ్డు వేసేవాడి చేతికి ఎంతొస్తుందో" అన్నాడు.
ఎర్ర సిరాతో కొట్టేశాడు.

ఆరు నెలల బ్యాంకు లెక్క చూపించాలట.
మా లెక్కలో చీటీ డబ్బొక్కటే పెద్ద అంకె,
వరదలో కొట్టుకొచ్చిన దుంగలా ఒంటరిగా ఉంది.
చూసి మాదే అని నమ్ముతారో లేదో.

ఇంతకుముందు యూరప్ వెళ్ళారా అని ఫారంలో అడిగారు.
ఇద్దరికీ లేదని టిక్కు పెట్టాడు.
నేనేమీ అనలేదు.
పదకొండో ఏటి నుంచి, కరెంటు పోతే
తలుపు సందులో వెలుతురు వెతుక్కుంటూ
నేను అల్లిన పువ్వులు
డజన్ల లెక్కన ఏజెంటు సంచిలో వెళ్ళిపోయాయి.
ఎక్కడికంటే జర్మనీ అనేవాడు,
ఓసారి డెన్మార్కు అన్నాడు.
మరక ఉంటే కూలీ కోత.
వాటిమీద ఏ కప్పు పెట్టారో,
ఎవరు టీ ఒలకబోశారో తెలీదు.
పెళ్ళయిన వారంలో అల్లినవాటిలో
ప్రతి పువ్వుకీ ఒక ముడి ఎక్కువ పడింది.
ఏజెంటు కనిపెట్టలేదు.
రత్నానికి కూడా చెప్పలేదు నేను.

అతనికి మంచు చేత్తో పట్టుకోవాలని ఉంది.
మే నెల్లో ఉంటుందా అంటే
కొండ మీద ఉంటుందట, కొండెక్కడానికి రైలు,
రైలుకి మళ్ళీ టిక్కెట్టు.
నాకు ఏదో ఒక ఇంటి కిటికీలోంచి
బల్ల మీది గుడ్డ కనిపిస్తే చాలు.
"కిటికీల్లోకి చూడ్డానికి టిక్కెట్టుందా?" అడిగాను.
ఫోనులో కాసేపు వెతికి,
"లేదు" అన్నాడు.

అతను నిద్రపోయాక పుస్తకం తీశాను.
ఆఖరి పేజీలో, ఇతర ఖర్చులు అన్నచోట,
పెన్సిలుతో, కనబడీ కనబడనట్టు:
పడవ, ఒకసారి.
తొంభైని డజన్లలోకి మార్చి చూసుకున్నాను.
చాలా అవుతాయి.
సూది దొరికింది.
దారం ఉండ కోసం మంచం కింద చెయ్యి పెట్టాను,
అది దొర్లుకుంటూ ఎక్కడికో పోయింది.